పూలతోట సందేహాలు: ఐరిస్ దుంపకు వీపు మీద ఎండ

ప్రశ్న: మాది డాలస్. మూడేళ్ళ కిందట పొరుగింటివారిచ్చిన బియర్డెడ్ ఐరిస్ (కింది రేకుల మీద గడ్డంలా నూగుండే పూలమొక్క) దుంపల్ని మూడంగుళాల లోతున నాటాను. ఆకులు కత్తుల్లా ఏపుగా పెరిగాయి గానీ ఒక్క పువ్వూ లేదు. లాన్‌కి పెట్టే నీళ్ళూ ఎరువే దీనికీ అందుతున్నాయి. ఏం చేయమంటారు?

జవాబు: ముందు పైకి తీయండమ్మా. దుంప అనగానే మనకు పసుపు, అల్లం గుర్తొస్తాయి, చేయి దానంతటదే మట్టి కప్పేస్తుంది. ఐరిస్ దుంప నేల మీద పడుకున్నట్టుండాలి. వేళ్ళు మట్టిలో, వీపు ఎండలో. లోతుగా పాతితే ఆకులు పెరుగుతాయి, పూత రాదు.

రెండో కారణం ఎరువు. లాన్ ఎరువు సంచి మీద మొదటి అంకె, అంటే నత్రజని, ఎక్కువగా ఉంటుంది. అది ఆకును పెంచుతుంది, దుంపను మెత్తబరిచి కుళ్ళుకు దారిస్తుంది. మొదటి అంకె తక్కువున్న 5-10-10 లాంటిది వాడండి. చలి తగ్గి కొత్త ఆకు కదిలేటప్పుడు ఒకసారి, పూత అయిన నెలకు మరోసారి, గుబురుకు అర గుప్పెడు చాలు. దుంప మీద పడకుండా చుట్టూ చల్లాలి.

మీ దగ్గర తిరగనాటడానికి సెప్టెంబర్ మధ్య నుంచి అక్టోబర్ మధ్య వరకు అదను. మంచు పడేలోగా వేరు పట్టడానికి నాలుగైదు వారాలైనా కావాలి. గుబురును ఫోర్క్‌తో చుట్టూ వదులు చేసి లేపండి. పక్కలకు పుట్టిన పిల్లల్ని విసనకర్రలా విచ్చుకున్న ఆకుల గుత్తి, వేళ్ళు రెండూ ఉండేలా కోసి, ఆకులు లేని ముసలి దుంపల్ని పారేయండి. ఒకసారి పూసిన దుంప మళ్ళీ పూయదు, దాని పిల్లలే పూస్తాయి. ఆకుల్ని ఆరంగుళాలకు కత్తిరించండి, తెగిన వేళ్ళు అంత ఆకుకు నీరందించలేవు. కోతలు ఒక రోజు నీడన ఆరాలి. ఆరబెట్టేది వంటింటి దరిదాపుల్లో మాత్రం వద్దు. చూడ్డానికి అచ్చం అల్లమే, తింటే వాంతులు, విరేచనాలు.

డాలస్ నేల చాలాచోట్ల మన నల్లరేగడి లాంటిదే, నీరు పట్టి ఉంచుతుంది. అందుకని ఆరంగుళాల ఎత్తు మడి కట్టండి. గుంటలో మధ్యన మట్టి గట్టు చేసి, దుంపను దాని మీద కూర్చోబెట్టి, వేళ్ళు రెండు వైపులా కిందికి జార్చి మట్టితో బిగించండి. మీ ఎండలకు దుంప మీద పలుచటి మట్టి పొర ఉంటే తప్పులేదు, అంతకు మించొద్దు. మొక్కకూ మొక్కకూ అడుగున్నర, రోజుకు ఆరు గంటల ఎండ. నాటిన రోజు బాగా తడిపి, తర్వాత పై రెండంగుళాలు ఆరాకే నీళ్ళు. మల్చ్ (నేల మీద పరిచే చెక్కపొట్టు, ఆకుల లాంటిది) దుంప మీదికి రానివ్వకండి. వచ్చే వసంతంలో కొన్నే పూయొచ్చు, ఆ మరుసటి ఏడాది గుబురంతా పూస్తుంది.

ప్రశ్న: న్యూజెర్సీలో మా ఐరిస్ ఆకుల మీద మేలో తడి చారలు వచ్చాయి. ఇప్పుడు ఆకులు వాలిపోతున్నాయి, దుంప మెత్తబడి దుర్వాసన వేస్తోంది. మందేమిటి?

జవాబు: ఇది ఐరిస్ బోరర్ అనే పురుగు తెచ్చిన కుళ్ళు. దీని రెక్కల పురుగు శరదృతువులో ఎండుటాకుల మీద గుడ్లు పెడుతుంది. వసంతంలో పిల్ల పురుగు ఆకులోకి దూరి, తొలుచుకుంటూ దుంపలోకి దిగుతుంది. ఆ గాయంలో బాక్టీరియా చేరి కుళ్ళబెడుతుంది. వాసన బాక్టీరియాది, దారి వేసింది పురుగు. అందుకే ఒక్క కుళ్ళుకే మందు వేస్తే మళ్ళీ మొదటికొస్తుంది.

దుంప తవ్వి తీయండి. లోపల లేత గులాబీ రంగు గొంగళిపురుగు కనబడితే చంపేయండి. మెత్తటి భాగమంతా చెంచాతో, గట్టి తెల్లటి కండ తగిలేదాకా గీకండి. ఒక పాలు బ్లీచ్‌కు తొమ్మిది పాళ్ళ నీళ్ళు కలిపి దుంపను కడిగి, ఒకట్రెండు రోజులు ఎండబెట్టి వేరే చోట నాటండి. ప్రతి కోతకూ కత్తిని ఆ నీళ్ళలోనే ముంచండి. డొల్లైన దుంపకు ఆశ పెట్టుకోవద్దు.

అసలు పని చలికాలం ముందుంది. గట్టి మంచు పడ్డాక ఎండుటాకులన్నీ ఏరి చెత్త సంచిలో వేయండి, కంపోస్టులో వద్దు. గుడ్లు వాటితోనే పోతాయి. ఏప్రిల్, మేలో ఆకు మీద సన్నటి చార కనబడితే అక్కడే వేళ్ళ మధ్య నలిపేయండి.

ప్రశ్న: బియర్డెడ్ ఐరిస్ దుంపలు ఆన్‌లైన్‌లో కొన్నాను. హైదరాబాద్‌లో పూస్తాయా?

జవాబు: ఆశ పెట్టలేను. వాటికి కొన్ని వారాల గట్టి చలి కావాలి, మన శీతాకాలం సరిపోదు. ఆ పైన వానాకాలంలో దుంప కుళ్ళుతుంది. అదే కుటుంబంలోని వాకింగ్ ఐరిస్ పెట్టుకోండి. పదంగుళాల కుండీ, పొద్దుటెండ, తేమ ఆరని మట్టి చాలు. పువ్వు ఒక్కరోజే ఉంటుంది గానీ, ఆ కాడ చివరనే పిల్లమొక్క వస్తుంది. దాన్ని పక్క కుండీలో మట్టికి ఆనించి, వంచిన తీగముక్కతో గుచ్చి ఉంచండి. వేరు పట్టాక కాడ కోసేయొచ్చు.