అమ్మాయి ఉభాలకి (వరినాట్లకి) వెళ్తానంటోంది, పంపాలా? డ్రోన్ కోర్సులో చేర్చాలా?

ప్రశ్న: మా అమ్మాయి ప్లస్‌టూ సైన్స్ పూర్తిచేసింది. బీఎస్సీ అగ్రికల్చర్ సీటు కోసం చూస్తున్నాం. ఈలోగా పక్కింటివాళ్ల పొలంలో ఉభాలకి వెళ్తానంటోంది. దానికన్నా డ్రోన్ పైలట్ కోర్సు నయం కదా?
– ఒక తండ్రి, పర్లాకిమిడి దగ్గర, గజపతి జిల్లా, ఒడిశా

జవాబు: మీ బెంగ కోర్సు గురించి కాదు. చదువుకున్న పిల్ల మడిలో దిగితే నలుగురూ ఏమంటారోనని. వ్యవసాయం చదివించాలనుకుంటూ బురదకి సిగ్గుపడటం తప్పండీ. నాలుగో ఏడాదిలో కాలేజీయే ఆమెను పల్లెకి పంపి రైతుల దగ్గర పనిచేయిస్తుంది. ఈ నెల వృథా పోదు, నిశ్చింతగా ఉండండి.

ఊడ్చే (నాట్లేసే) రోజు ఒక్కటే కాదు, ఆకు తీసే (నారు పీకే) దగ్గర్నుంచి పంపండి. ఆకుమడిలో నీళ్లు లేకుండా లాగితే వేళ్లు తెగి, నాటిన మొక్క చాన్నాళ్లు తేరుకోదు. కట్ట కట్టేముందు ఆకు కొనలు చూడమనండి. గోధుమరంగు నూగు కప్పిన చిన్న కుప్పలుంటే అవి కాండం తొలిచే పురుగు గుడ్లు. కొనలు తుంచేసి నాటాలి. స్వర్ణ రకం వరికి నారు 30 రోజులు దాటకూడదు, ముదిరితే పిలకలు తగ్గుతాయి. కుదురుకి రెండు మూడు మొక్కలు, వరసల మధ్య 20, కుదుళ్ల మధ్య 15 సెంటీమీటర్లు. అంటే చదరపు మీటరుకి 33 కుదుళ్లు. కొత్త చేతులు భయంతో మొక్కని లోతుగా దించేస్తాయి, పిలకలు ఆలస్యమవుతాయి. రెండు మూడు సెంటీమీటర్లు చాలు. మరీ పైపైన పెడితే నీళ్లకి తేలిపోతుంది. దమ్ము పట్టిన (మడిని నీళ్లతో బురదగా దున్నిన) వెంటనే నాటినా మొక్క దిగబడుతుంది, బురద కాస్త పేరుకోవాలి.

మూడు వారాలయ్యాక మళ్లీ ఆ మడి చూసి రమ్మనండి. ఆకుల మీద తుప్పురంగు మచ్చలొచ్చి, మొక్క గిడసబారి ఉంటే అది చాలాసార్లు జింకు లోపం. పురుగుమందు కొట్టి లాభంలేదు, లీటరు నీటికి రెండు గ్రాముల జింకు సల్ఫేటు పిచికారీ చేయాలి.

డ్రోన్ మీద నా అనుమానం ఇక్కడే. మందు నిమిషాల్లో కొట్టేస్తుంది, కొట్టాలో వద్దో ఎవరు చెప్పాలి? ఆ లైసెన్సుకి పది పాసై, 18 నిండితే చాలు. మీ అమ్మాయి ప్లస్‌టూ సైన్సుకి అక్కడ విలువేమీ పెరగదు. పైగా డ్రోన్, బ్యాటరీలు కొనేదెవరు, పిచికారీ లేని నెలల్లో పనెక్కడ? ఇవి అడక్కుండా ఫీజు కట్టేస్తున్నారు తల్లిదండ్రులు. డిగ్రీ సెలవుల్లో నేర్చుకోనివ్వండి, అప్పటికీ కోర్సు ఉంటుంది.

కూలి ఇస్తే తీసుకోనివ్వండి, వద్దనకండి. ఇంటికొచ్చాక కాళ్లు మంచినీళ్లతో కడిగి, వేళ్ల సందులు తుడిచి ఆరబెట్టుకోవాలి, లేదంటే నాని చీలతాయి. నాటిన మూడు నుంచి ఐదు రోజుల్లో ఇసుకలో కలిపి చల్లే కలుపు మందు మాత్రం ఉత్త చేతులతో ముట్టుకోనివ్వకండి.