స్పెయిన్‌లో స్థిరపడాలనుకుంటున్నాం, ఫ్లాటుకు బయానా ఇవ్వవచ్చా?

ప్రశ్న: నాకు 67 ఏళ్లు, నా భార్యకు 63. ఇద్దరం బ్రిటిష్ పౌరులం, 32 ఏళ్లుగా ఇంగ్లండ్‌లో ఉంటున్నాం. కీళ్ల నొప్పులతో ఇక్కడి చలి భరించలేక స్పెయిన్‌లోని ఆండలూసియా తీరంలో ఒక ఫ్లాటు చూసుకున్నాం. పది శాతం బయానా కట్టి ఒప్పందంపై సంతకం చేయమని ఏజెంటు తొందరపెడుతున్నాడు. ఆరు నెలలు అక్కడ, ఆరు నెలలు ఇక్కడ ఉంటే వీసా అక్కర్లేదని, పన్ను గొడవ కూడా ఉండదని ఒక స్నేహితుడు చెప్పారు. అంతకన్నా థాయ్‌లాండ్ చవక అని నా భార్య అంటోంది. నా తదనంతరం ఆస్తి మొత్తం నా భార్యకు, ఆమె తర్వాత మా ఇద్దరు పిల్లలకు చెందాలని నా కోరిక. మేమేం చేయాలి?

జవాబు: బయానా ఇప్పుడే ఇవ్వకండి. స్పెయిన్ పౌర స్మృతి 1454వ అధికరణం కింద రాసుకునే బయానా ఒప్పందంలో, కొనేవారు వెనక్కి తగ్గితే కట్టిన సొమ్ము వదులుకోవాలి, అమ్మేవారు వెనక్కి తగ్గితే దానికి రెట్టింపు తిరిగి ఇవ్వాలి. మీకు వీసా రాకపోవడం మీ తప్పు కాకపోయినా, ఆ సందర్భంలో సొమ్ము వాపసు ఇవ్వాలన్న షరతు ఒప్పందంలో లేకపోతే చట్టం దృష్టిలో వెనక్కి తగ్గినది మీరే అవుతారు. ఇల్లు కొంటే వీసా దానంతట అదే వస్తుందని ఏజెంటు చెప్పి ఉంటే అది పాత మాట. 5,00,000 యూరోల ఆస్తి కొన్నవారికి నివాస హక్కు ఇచ్చిన పథకాన్ని స్పెయిన్ 2025 ఏప్రిల్ 3 నుంచి రద్దు చేసింది.

మీ స్నేహితుడి సలహా మంచి మనసుతో ఇచ్చినదే కావచ్చు గానీ లెక్క కుదరదు. బ్రిటన్ యూరోపియన్ యూనియన్ నుంచి వైదొలిగాక బ్రిటిష్ పౌరులు వీసా లేకుండా షెంజెన్ దేశాలన్నిటిలో (తమ మధ్య సరిహద్దు తనిఖీలు ఎత్తేసుకున్న స్పెయిన్ వంటి ఐరోపా దేశాల్లో) కలిపి ఏ 180 రోజుల వ్యవధిలోనైనా 90 రోజులకు మించి ఉండరాదు. మీరు నవంబరు 1న దిగారనుకోండి. దిగిన రోజు, తిరిగి బయలుదేరే రోజు రెండూ లెక్కలోకి వస్తాయి కనుక జనవరి 29 నాటికి షెంజెన్ విడిచి వెళ్లాలి, మళ్లీ అడుగు పెట్టగలిగేది ఏప్రిల్ 30న. అంటే ఏ ఫిబ్రవరి చలికి భయపడి ఫ్లాటు కొంటున్నారో ఆ ఫిబ్రవరిలో మీరు ఇంగ్లండ్‌లోనే ఉంటారు. మధ్యలో పోర్చుగల్‌కో ఫ్రాన్స్‌కో వెళ్లి వస్తే రోజులు మిగలవు, అవీ ఇదే లెక్కలో పడతాయి. 2025 అక్టోబరు 12న మొదలైన కొత్త సరిహద్దు వ్యవస్థలో వేలిముద్రలు, ముఖచిత్రంతో రాకపోకలు కంప్యూటర్లో నమోదవుతున్నందువల్ల, పాస్‌పోర్టు ముద్ర సరిగా పడలేదన్న వాదనకు ఇక చోటు లేదు.

కాబట్టి మీకు కావలసింది, పని చేయకుండా సొంత ఆదాయంతో జీవించేవారికి స్పెయిన్ ఇచ్చే నివాస వీసా. దీనికి ఆదాయ పరిమితిని ఆ దేశపు సూచిక ఒకదాని ఆధారంగా లెక్కిస్తారు. ఆ సూచిక 2023 నుంచి నెలకు 600 యూరోలు. దరఖాస్తుదారుకు దానికి నాలుగు రెట్లు, వెంట వచ్చే జీవిత భాగస్వామికి మరొక రెట్టు చూపాలి గనుక మీ దంపతులకు నెలకు 3,000 యూరోలు అవసరం. ఈ వీసాపై ఉద్యోగం, వ్యాపారం చేయకూడదు. దరఖాస్తు ఇంగ్లండ్‌లో ఉండగానే స్పెయిన్ కాన్సులేట్‌లో ఇవ్వాలి.

ఇక అసలు చిక్కు. నివాసం అన్నది మనకు ఒకే మాట, చట్టానికి మాత్రం అది మూడు నాలుగు వేరువేరు మాటలు. వీసా కోసం మీరు నివాసి అయిన తేదీ ఒకటి, పన్ను కోసం మరొకటి, వారసత్వం కోసం ఇంకొకటి కావచ్చు. స్పెయిన్‌లో ఒక క్యాలెండరు సంవత్సరంలో 183 రోజులకు మించి ఉన్నవారిని ఆ సంవత్సరం మొత్తానికీ, అంటే జనవరి 1 నుంచీ, పన్ను నివాసిగా పరిగణిస్తారు. బ్రిటన్‌లో ఉన్నట్లు సంవత్సరాన్ని రెండుగా విడదీసే వీలు అక్కడ లేదు. దీని పర్యవసానం చూడండి. మీరు మార్చిలో ఇంగ్లండ్ ఇల్లు అమ్మి ఏప్రిల్‌లో స్పెయిన్ చేరి అక్కడే ఉండిపోతే, బ్రిటన్‌లో సొంత నివాసం అమ్మినందుకు పన్ను లేకపోయినా, ఆ లాభాన్ని స్పెయిన్ తన లెక్కలోకి తీసుకోగలదు. ప్రైవేటు పెన్షన్ నిధిలో పన్ను లేకుండా తీసుకోగల 25 శాతం సంగతీ అంతే, ఆ మినహాయింపు బ్రిటన్ చట్టం ఇచ్చినది, స్పెయిన్ దానికి కట్టుబడి ఉండనక్కర్లేదు. అందుకే అమ్మకం, ఆ మొత్తం తీసుకోవడం రెండూ మీరు స్పెయిన్ పన్ను నివాసి అయ్యే సంవత్సరానికి ముందే ముగించండి. లేదా జూలై మధ్య తర్వాత అక్కడికి చేరేలా ప్రయాణం పెట్టుకోండి, కానీ రోజుల లెక్క ఒక్కటే కొలమానం కాదు, ఆర్థిక ప్రయోజనాల కేంద్రాన్ని, అంటే మీ ఆదాయం, ఆస్తులు ప్రధానంగా ఏ దేశంలో ఉన్నాయన్నది కూడా చూస్తారు కనుక తేదీ ఖరారు చేసుకునే ముందు అక్కడి పన్ను నిపుణుణ్ణి సంప్రదించండి.

నివాసి అయ్యాక మీ ప్రభుత్వ వృద్ధాప్య పెన్షన్, ప్రైవేటు పెన్షన్ల మీద పన్ను విధించే హక్కు, 2014లో అమల్లోకి వచ్చిన ద్వంద్వ పన్ను ఒప్పందం ప్రకారం స్పెయిన్‌ది. మీరు బ్రిటన్ ప్రభుత్వ ఉద్యోగం చేసి ఉంటే ఆ ఉద్యోగ పెన్షన్‌పై పన్ను మాత్రం బ్రిటన్‌లోనే పడుతుంది. ఇంకా, స్పెయిన్ వెలుపల ఒక్కో రకం ఆస్తి 50,000 యూరోలు దాటితే మార్చి 31లోగా ఆ వివరాలు తెలియజేయాలి. దీనికి విధించిన విపరీతమైన జరిమానాలను యూరోపియన్ న్యాయస్థానం 2022లో తప్పుపట్టింది గానీ వివరాలు తెలిపే బాధ్యత అలాగే ఉంది.

థాయ్‌లాండ్ గురించి మీ భార్య అడిగినది న్యాయమైన ప్రశ్నే. యాభై దాటినవారికి అక్కడ విశ్రాంత జీవితపు వీసా ఉంది, బ్యాంకులో 8,00,000 బాత్ గాని నెలకు 65,000 బాత్ ఆదాయం గాని చూపాలి. విదేశీయులు సాధారణంగా భూమి కొనలేరు, అపార్టుమెంటు భవనంలో మొత్తం విస్తీర్ణంలో 49 శాతం వరకే విదేశీయుల పేర ఉండవచ్చు. వీటన్నిటికన్నా నన్ను ఆలోచింపజేసేది పెన్షన్. స్పెయిన్‌లో ఉంటే బ్రిటన్ ప్రభుత్వ పెన్షన్ ఏటా పెరుగుతుంది, థాయ్‌లాండ్‌లో ఉంటే మీరు వెళ్లిన నాటి మొత్తం దగ్గరే ఆగిపోతుంది. దక్షిణాఫ్రికాలో స్థిరపడిన అనెట్ కార్సన్ అనే మహిళ తనకు 2000లో ఖరారైన వారానికి 67.50 పౌండ్లు అలాగే నిలిచిపోవడం వివక్ష అని వాదించి, చివరకు 2010లో యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానంలో కూడా ఓడిపోయారు. ఇరవై ఏళ్ల జీవితాన్ని దృష్టిలో పెట్టుకుంటే ఇప్పటి చవక అప్పటికి చవకగా ఉండకపోవచ్చు. వైద్యం విషయంలోనూ స్పెయిన్‌దే పైచేయి. బ్రిటన్ ప్రభుత్వ పెన్షన్ తీసుకునేవారు ఎస్1 పత్రంతో స్పెయిన్ ప్రభుత్వ వైద్య వ్యవస్థలో నమోదు కావచ్చు, ఆ ఖర్చు బ్రిటన్ భరిస్తుంది.

మీ కోరికకు పెద్ద అడ్డంకి వారసత్వ చట్టం. 2015 ఆగస్టు 17 నుంచి అమల్లో ఉన్న 650/2012 నంబరు యూరోపియన్ నిబంధన ప్రకారం, మరణించే నాటికి మీ నిత్య నివాసం స్పెయిన్‌లో ఉంటే స్పెయిన్ చట్టమే వర్తిస్తుంది. ఆండలూసియాలో వర్తించే పౌర స్మృతి ఆస్తిలో మూడింట రెండు వంతులు పిల్లలకు కేటాయిస్తుంది, భార్యకు అందులో ఒక వంతుపై అనుభవ హక్కు మాత్రమే దక్కుతుంది. అంటే ముందు భార్యకు అన్న మీ మాట నెగ్గదు. అయితే అదే నిబంధనలోని 22వ అధికరణం వీలునామాలో మీ పౌరసత్వ దేశపు చట్టాన్ని ఎంచుకునే హక్కు ఇస్తోంది. ఇక్కడ ఒక చిన్న జాగ్రత్త అవసరం: బ్రిటన్‌కు ఒకే వారసత్వ చట్టం లేదు కనుక "యునైటెడ్ కింగ్‌డమ్ చట్టం" అని కాకుండా "ఇంగ్లండ్, వేల్స్ చట్టం" అని రాయించండి. ఇద్దరూ విడివిడిగా రాయాలి. స్పెయిన్ ఆస్తికి అక్కడి నోటరీ ముందు వేరే వీలునామా రాస్తే, అందులో వెనుకటి వీలునామాలన్నీ రద్దు అనే వాక్యం దొర్లి ఇంగ్లండ్ వీలునామా చెల్లకుండా పోకూడదు. ఆ వాక్యం ఇలాంటి పత్రాల్లో అలవాటుగా చేరిపోతుంటుంది.

చట్టాన్ని ఎంచుకున్నంత మాత్రాన పన్ను తప్పదు. 2025 ఏప్రిల్ 6 నుంచి బ్రిటన్ వారసత్వ పన్ను దీర్ఘకాల నివాసంపై ఆధారపడుతోంది. మీ 32 ఏళ్ల లెక్కన మీరు దేశం విడిచాక పదేళ్ల పాటు మీ ప్రపంచవ్యాప్త ఆస్తి ఆ పన్ను పరిధిలోనే ఉంటుంది, అయితే దీర్ఘకాల నివాసులైన భార్యాభర్తల మధ్య మినహాయింపు ఉంది. స్పెయిన్ పన్ను వారసత్వం పొందినవారిపై పడుతుంది, ఆండలూసియాలో భార్యకు, పిల్లలకు దానిపై 99 శాతం రాయితీ ఉంది.

ఫ్లాటు విషయానికి వస్తే, అక్కడి నోటరీ దస్తావేజును ధ్రువీకరిస్తారు, కానీ మీ పక్షాన నిలబడే వ్యక్తి కాదు. ఏజెంటు సూచించినవారిని కాక మీరే ఎంచుకున్న న్యాయవాదిని పెట్టుకుని, భూ రిజిస్ట్రీ నుంచి తనఖా, జప్తుల వివరాలు చూపే తాజా పత్రం తెప్పించండి. అమ్మేవారు అపార్టుమెంటు సంఘానికి బాకీ ఉన్న ఈ ఏడాది, అంతకు ముందు మూడేళ్ల రుసుములకు ఆ ఫ్లాటు జవాబుదారీ గనుక సంఘం ఇచ్చే బాకీ లేదన్న ధ్రువపత్రం కూడా అడగండి. వీసా తిరస్కరణకు గురైతే బయానా పూర్తిగా వాపసు ఇస్తామన్న ఒక్క వాక్యం చేరిస్తే సంతకానికి సిద్ధమని ఏజెంటుకు ఈ వారమే లిఖితపూర్వకంగా తెలియజేయండి, అమ్మేవారు ఒప్పుకోకపోతే వీసా చేతికి వచ్చేదాకా అద్దె ఇంట్లో ఉంటూ వేరే ఫ్లాటు చూసుకోండి.