జబ్బు తగ్గింది, చెయ్యి మాత్రం బరువెక్కింది

ప్రశ్న: డాక్టరమ్మా, మాది పలాస దగ్గర పల్లె. రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషన్, కీమో, కరెంటు (రేడియేషన్) అన్నీ అయి రెండేళ్లు. రిపోర్టులు బాగున్నాయన్నారు. కానీ ఈమధ్య కుడి చెయ్యి వాచి గాజులు బిగిసిపోతున్నాయి. జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్లలేకపోతున్నాను. ‘జబ్బు తగ్గిపోయింది కదా, ఇంకా ఏటి నీకు?’ అంటున్నారు ఇంట్లో.
– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: ఆ ‘ఇంకా ఏటి నీకు’ అనే మాట నా దగ్గరకొచ్చే ఎందరో చెప్పుకుని ఏడ్చారమ్మా. మీది సాకు కాదు. చంకలో గ్రంథులు తీసినా, అక్కడ కరెంటు పెట్టినా శోషరసం, అంటే ఒంట్లో కణాల మధ్య ఊరే పల్చటి నీరు, పైకి పోయే దారి దెబ్బతింటుంది. ఏళ్ల తర్వాతైనా చెయ్యి వాచొచ్చు. దీన్ని లింఫెడిమా అంటారు.

ముందు ఆపరేషన్ చేసినచోట చూపించండి. రక్తం గడ్డకట్టడం, జబ్బు తిరగబెట్టడం కాదని తేలాలి. తర్వాత ఫిజియోథెరపిస్టు కొలతలు తీసి బిగువు తొడుగు ఇస్తారు. సొంతంగా గుడ్డ బిగించి కట్టొద్దు.

ఇక పిక్కల సంగతి. పెంకులోని జీడినూనె చర్మాన్ని కాల్చేస్తుంది. బూడిద రాసుకుని కూర్చుంటారని తెలుసు, ఆ చేతికి అది చాలదు. చిన్న పుండు చాలు, చీము పట్టడానికి. చెయ్యి ఎర్రబడి, వేడెక్కి, చలిజ్వరం వస్తే తెల్లారేదాకా ఆగకండి. కొట్టుడు మానేసి పప్పు ఏరే పని అడగండి. అలాగని చేతిని ఒళ్లో పెట్టుకుని కూర్చోవద్దు, కదిలిస్తేనే నీరు లాగుతుంది.

ఈ పేజీ ఇంట్లోవాళ్ల చేత పైకి చదివించండి.