‘నరాల వెంట వలస’ అనొచ్చా, ‘పోగులు పట్టుకుని పాకడం’ అనాలా?

సందేహం: గుంటూరు నుంచి రీసెర్చ్ చేస్తున్న ఒక అమ్మాయి రాశారు. “గురువుగారూ, మా ల్యాబ్‌లో ఎలుక వెన్ను పక్కనుండే నరాల ముడుల్లోంచి కణాలు తీసి డిష్‌లో పెంచుతాం. వాటి పోగులు బాగా సాగాక పైన మెదడు కణితి కణాలు వేసి, అవి ఎటు ఎలా కదులుతున్నాయో కెమెరాతో చూస్తాం. దీన్ని మా ఊరి ఇంటర్ పిల్లలకి తెలుగులో చెప్పాలి. ఫోన్లో అనువాదం కొడితే ‘సంస్కృతిలో నరాల ఫైబర్ల వెంట మెదడు కణితి కణాల వలస’ అని వచ్చింది. సంస్కృతి తప్పని నాకూ తెలుసు, మిగతాది కరెక్టేనా? వలస అంటే పిల్లలు మిర్చి కూలీలనుకుంటారని మా నాన్నగారి అనుమానం.”

సమాధానం: అమ్మా, మీ నాన్నగారి అనుమానం మంచి అనుమానమే. సంక్రాంతి దాటాక కర్నూలు వైపు నుంచి కుటుంబాలకి కుటుంబాలు మిరపకాయ కోతకి గుంటూరు పల్లెలకి రావడం మనం ఏటా చూస్తాం, అదే మన చెవికి వలస. కొల్లేరుకి పక్షులు రావడమూ వలసే. కాబట్టి ఆ మాట తప్పు కాదు, ఒక చోటు వదిలి ఇంకో చోటికి చేరడం దాన్లో ఉంది, మీ కణాలు చేసేదీ అదే. కానీ వలస అనే మాట ఎక్కణ్ణించి ఎక్కడికి అన్నదే చెప్తుంది గానీ ఎలా వెళ్ళారో చెప్పదు, రైలెక్కి వెళ్ళినా నడిచి వెళ్ళినా వలసే కదా, మరి మీ పరిశోధన మొత్తం ఆ ‘ఎలా’ మీదే ఉందాయె. హెడ్డింగ్‌లో వలస ఉంచండి, లోపల వాక్యాల్లో మాత్రం వేరే క్రియ కావాలి.

ఆ క్రియ ‘వ్యాపించు’ మాత్రం వద్దమ్మా. ఈ మాట గట్టిగా చెప్తున్నాను ఎందుకంటే మా దగ్గర బంధువు ఒకాయనకి ఇదే జబ్బు వచ్చినప్పుడు, మెదడులోనే పక్కకి వ్యాపించింది అని డాక్టర్ గారు అంటే ఇంట్లో వాళ్ళు ఒళ్ళంతా చేరిపోయిందనుకుని, లివర్ స్కాన్ తీయించాలా ఊపిరితిత్తులు చూపించాలా అని రెండ్రోజులు తిండి మానేసి ఏడ్చారు. మన వాడుకలో కాన్సర్ వ్యాపించింది అంటే అర్థం అదే మరి. గ్లయోబ్లాస్టోమా అనే మెదడు కాన్సర్ లాంటి కణితి మెదడు దాటి బయట అవయవాలకి పోవడం చాలా అరుదు. దాని ప్రమాదమంతా మెదడు లోపలే, కనపడే గడ్డ నుంచి కనపడని కణాలు దూరంగా జరిగిపోవడంలో ఉంది. 1928లో డాండీ అనే అమెరికన్ సర్జన్ కొందరికి మెదడు కుడి సగం మొత్తం తీసేసినట్టు రాశాడు, అంత చేసినా జబ్బు తిరగబెట్టిందంటే ఈ జరిగిపోవడం ఎంత మొండిదో చూడండి.

ఇక ‘పాకు’. పాతరోజుల్లో ప్రాకు, బ్రతుకు బతుకైనట్టే ఇదీ పాకు అయింది. తీగ పాకుతుంది, పసిబిడ్డ పాకుతుంది. తీగ పాకినప్పుడు మొదలు కదలదు, కొస మాత్రమే పోతుంది, బిడ్డ పాకితే ఒళ్ళంతా కదుల్తుంది. మీ కణం ఈ రెండూ చేస్తుంది, అదే నాకు ఆశ్చర్యంగా అనిపించింది. ముందు తీగ కొసలాగా సన్నటి చెయ్యి ఒకటి పోగు మీద చాపుతుంది, పట్టు దొరికాక లోపలున్న కేంద్రకాన్ని ఇరుకులోంచి నొక్కుకుంటూ ఒక్క ఊపున ముందుకి లాక్కుంటుంది, కాసేపు ఆగుతుంది, మళ్ళీ చాపుతుంది. ఇలా లాక్కునే నడకకి ‘దేకు’ అని కూడా మనకో మాటుంది, చతికిలబడి ఒళ్ళు ఈడ్చుకుంటూ పోవడం, కానీ దేకడంలో నిస్సహాయత ధ్వనిస్తుంది, ఈ కణాల్లో అదేం లేదు. పాకడమే ఖాయం చేసుకోండి.

అసలు విషయానికి వస్తాను. మీ వాక్యంలో వలస కన్నా పెద్ద చిక్కు ‘వెంట’ దగ్గరుంది. నా వెంట రా అంటే ముందు నేను నడుస్తుంటే వెనక నువ్వు రావడం, కాబట్టి ‘నరాల వెంట కణాలు పోతాయి’ అంటే నరాలు కూడా ఎక్కడికో పోతున్నట్టు ఒక పిల్లాడు అనుకుంటే వాడి తప్పు కాదు. ‘మీదుగా’ అంటే బస్సు బోర్డు గుర్తొస్తుంది, విజయవాడ నుంచి గుంటూరు వయా మంగళగిరి, దార్లో తగుల్తుంది అంతే, దాన్ని ఆధారం చేసుకున్నట్టు కాదు. ‘గుండా’ అంటే లోపల్నించి. ఇది మరీ జాగ్రత్తగా వాడాలమ్మా, ఎందుకంటే ఈ కణాలు రక్తనాళాల్ని కూడా దారిగా వాడుకుంటాయి, అయితే నాళం బయటి గోడనంటుకుని పాకుతాయి తప్ప రక్తంలో కొట్టుకుపోవు. చాలా కాన్సర్లు దూర అవయవాలకి చేరేది రక్తనాళాల గుండా, వీటి దారి రక్తనాళాల్ని పట్టుకుని. ఒక్క విభక్తి మారితే రోగమే మారిపోయింది చూశారా!

ఆ ‘పట్టుకుని’ అనేదే మీకు కావల్సిన మాట. విజయవాడలో ఎవర్నన్నా అడ్రస్ అడగండి, ఈ బందరు కాలవ గట్టు పట్టుకుని తిన్నగా పొండి అంటారు. గట్టుని చేత్తో ఎవరూ పట్టుకోరు, కానీ గట్టు ఎటు తిరిగితే మనమూ అటే తిరగాలి, అది వదిల్తే దారి తప్పుతాం అన్నదంతా ఆ ఒక్క మాటలో ఉంది. బ్యారేజీ దగ్గర బందరు కాలవ, ఏలూరు కాలవ విడిపోతాయి కదా, ఏ గట్టు పట్టుకుంటే ఆ ఊరికే చేరతాం. పోగు ఎటు పోతే కణం అటు తిరగడం, అడుగున్న ఆకారమే దారి చూపించడం, ఇది సైన్సులో ఎన్నో ఏళ్ళుగా తెలిసిన సంగతే, మన వీధి మాటలో అది ముందే ఉంది. పైగా మీ కణాలు నిజంగానే పట్టుకుంటాయి, వాటి పొరమీద పట్టుకునే ప్రొటీన్లు ఉంటాయి, లామినిన్ లాంటి ప్రొటీన్లు పూస్తే డిష్‌కి కూడా అవి అతుక్కుంటాయని మీకు నాకన్నా బాగా తెలుసు.

‘నరం’ గురించి. మనవాళ్ళు నరానికి సూది వేశారు అంటారు, అది రక్తనాళం. నరాల డాక్టర్ అంటారు, అది వేరే నరం. పైగా మెదడు లోపల ఉండేవి నరాలు కావు, నాడీకణాల నుంచి సాగిన పోగులు, టెక్స్ట్‌బుక్‌లో తంత్రికాక్షం అన్నారే అవి. పిల్లలకి పోగు అనండి చాలు. నూలు పోగు తెలియని తెలుగువాడుండడు, మంగళగిరిలో మగ్గం మీద పడుగు చూసిన పిల్లలకైతే ఇంకా సులువు, వరసగా ఒకే దిక్కున బిగించిన దారాలు. కొన్ని ల్యాబుల్లో నాడీకణాల బదులు ప్లాస్టిక్‌తో జుట్టు కన్నా సన్నటి దారాలు లాగి ఇలాగే వరసగా పరిచి వాటిమీద కణాల్ని వదుల్తారు, అది అచ్చం పడుగే. మెదడులో కుడి ఎడమల్ని కలిపే పోగుల కట్టలో దాదాపు 20 కోట్ల పోగులుంటాయి, కణితి ఆ కట్ట పట్టుకుని అవతలి సగానికి దాటితే స్కాన్‌లో రెక్కలు విప్పిన సీతాకోకచిలుకలా కనపడుతుంది, డాక్టర్లు దాన్ని ఆ పేరుతోనే పిలుస్తారు.

కల్చర్‌కి కణజాల వర్ధనం అని పుస్తకాల మాటుంది, క్లాసులో అయితే ‘గాజు పళ్ళెంలో పెంచి’ అనేయండి. ఇంగ్లీషు మాటకి మూలార్థం కూడా సాగు చెయ్యడమే, ఫోన్ దాన్ని సంస్కృతి చేసి చెడగొట్టింది. ఎందుకు పెంచాలో కూడా పిల్లలకి చెప్పండి. 1938లో షేరర్ అనే పాథాలజిస్టు చనిపోయినవాళ్ళ మెదడు ముక్కల్లో ఈ కణాలు పోగుల పక్కన, రక్తనాళాల చుట్టూ, పై పొర కింద బారులు తీరి ఉండటం గమనించి వివరంగా రాశాడు, అయితే చనిపోయిన ముక్కలో బారు కనపడుతుంది గానీ నడక కనపడదు. నడక చూడాలంటే బతికున్న కణం కావాలి. 1907లో హారిసన్ అనే శాస్త్రవేత్త కప్ప పిండం నుంచి తీసిన చిన్న ముక్కని ఒక చుక్క ద్రవంలో బతికించి, దాన్లోంచి నాడీ పోగు సాగడం కళ్ళారా చూశాడు. మీ డిష్‌లో పోగులు సాగడం ఆ పనికి వారసత్వమే.

మీ వాక్యం నేనైతే ఇలా రాస్తాను: “గాజు పళ్ళెంలో పెంచిన నాడీ పోగుల్ని పట్టుకుని మెదడు కణితి కణాలు ఎలా పాకుతాయో చూస్తున్నాం.” కణితి కణాలు అని పక్కపక్కన పలకడానికి కాస్త నాలిక మడత పడుతుంది, పడనివ్వండి, గడ్డ అంటే సెగ్గడ్డ అనుకునే ప్రమాదముంది. ఇంకోటి, మీరు పంపిన కాగితంలో రెండు చోట్ల ‘కణత’ అని పడింది. కణత అంటే కంటికీ చెవికీ మధ్యనుండే చోటు, తలనొప్పొస్తే అమృతాంజనం రాసుకునేది అక్కడే. తల జబ్బు గురించి చెప్తూ ఈ రెండూ కలిస్తే పిల్లలు నిజంగానే పొరపడతారు, క్లాసుకి ముందే ఆ రెండు చోట్లా కణితి అని దిద్దుకోండి.