ముందు అమ్మ బాకీ తీర్చు

ప్రశ్న: మేడమ్, నాకు 20 ఏళ్లు. టెక్సస్‌లో పుట్టి పెరిగాను, ఇక్కడే యూనివర్సిటీలో రెండో సంవత్సరం. దక్షిణాసియా అమ్మాయిల సొరోరిటీలో, అంటే కాలేజీ అమ్మాయిలు కలిసి పెట్టుకునే సంఘంలో చేరాను. సొంత అక్కాచెల్లెళ్లలా ఉంటాం. గృహహింస బాధితుల కోసం విరాళాలు పోగు చేస్తాం. వచ్చే ఏడాది ఆ సేవా కార్యక్రమాలన్నీ నన్నే చూడమంటున్నారు. నాన్నకు ఈ సంగతే తెలీదు. సొరోరిటీ అంటే తాగుడు, పార్టీలు అనుకుంటారు. మా యూనివర్సిటీ శాఖకు (చాప్టర్) కట్టే ఫీజు సెమిస్టర్‌కు 400 డాలర్లు. అమ్మ బ్లౌజులు కుట్టిన డబ్బుల్లోంచి ఇస్తోంది. నాన్న కాస్ట్‌కో (సరుకులు కొనే పెద్ద స్టోరు) రసీదులు కూడా ఒక్కోటీ చూస్తారు. అందుకని నేను ఇంటి నుంచి బయల్దేరేటప్పుడు ఆవకాయ సీసాకు చుట్టిన తువ్వాలు మడతలో నోట్లు పెట్టి పంపుతుంది. నాన్న ఒప్పుకునేలా ఎలా చెప్పాలి?

జవాబు: నాన్నకు ఎలా చెప్పాలన్నదానికి పెద్ద ఆలోచన అక్కర్లేదమ్మా. 'చేరాను, ఇలాంటి పనులు చేస్తున్నాం, ఒకసారి వచ్చి చూడండి' అని చెప్పాలి. ఆయన భయం ఉత్తదేం కాదు. కొత్తగా చేరినవాళ్లను ఏడిపించే హేజింగ్‌లో ప్రాణాలు పోయిన పిల్లలున్నారు. మీ టెక్సస్‌లో అది నేరం కూడా. మీ దగ్గర అలాంటివి లేకపోతే ఆ మాటే ధైర్యంగా చెప్పు. 1998లో ఆస్టిన్, హ్యూస్టన్, న్యూయార్క్‌లలో మనవాళ్ల పిల్లలు ఇలాంటి సంఘాలు పెట్టుకున్నది ఊరు కాని ఊళ్లో ఒకరికొకరు తోడుంటారనే. అందులో తప్పు పట్టాల్సిందేమీ నాకు కనబడలేదు.

నీ ఉత్తరంలో నన్ను పట్టుకుని వదలనిది ఆ తువ్వాలు మడత.

గృహహింసపై అవగాహన నెల అని అక్టోబర్ వస్తే ఊదా రంగు రిబ్బన్లు కట్టుకుని క్యాంపస్‌లో నిలబడతారు కదా. అప్పుడు పంచే కరపత్రాలు ఒకసారి తీసి చదువు. కొట్టడం ఒక్కటే హింస కాదని, డబ్బు చేతికివ్వకపోవడం, పైసా పైసాకీ లెక్క అడగడం కూడా హింసేనని వాటిలో ఉండే ఉంటుంది. మన దేశంలో 2005లో వచ్చిన గృహహింస చట్టం కూడా ఆర్థిక హింసను పేరు పెట్టి చెప్పింది. ఇవన్నీ నాకంటే నీకే బాగా తెలుసు, నలుగురికీ చెబుతున్నావు. మరి రసీదుల సంగతి ఒక్క వాక్యంలో రాసేసి ముందుకు వెళ్లిపోయావేం తల్లీ?

మీ నాన్న ఎలాంటివారో ఇక్కడ కూర్చుని నేను తీర్పు చెప్పను. జాగ్రత్తపరుడే కావచ్చు, వచ్చిన కొత్తలో పడ్డ ఇబ్బందులతో అలవాటైపోయి ఉండవచ్చు. కానీ తాను సంపాదించిన డబ్బు తన కూతురికి ఇచ్చుకోవడానికి ఒక ఆడమనిషి సీసా చాటున దాచాల్సి వస్తోందంటే, ఆ ఇంట్లో ఆమెకు నోరు లేదని అర్థం. 2015 దాకా హెచ్-4 వీసా (అక్కడ ఉద్యోగానికి వెళ్లినవాళ్ల భార్యాపిల్లలకు ఇచ్చేది) మీద వచ్చిన భార్యలకు అక్కడ ఉద్యోగం చేసే వీలే ఉండేది కాదు. చదువుకున్న ఆడపిల్లలు ఎందరో ఏళ్ల తరబడి ప్రతి డాలరూ భర్తను అడిగి తీసుకున్నారు. మీ అమ్మ అలా వచ్చిందో లేదో నువ్వు రాయలేదు. అసలు మీ అమ్మ గురించి నువ్వేమీ రాయలేదు. ఏం చదువుకుంది? పెళ్లికి ముందు ఏం చేసేది? ఒక బ్లౌజుకు ఎంత తీసుకుంటుంది? లైనింగ్ వేసి, హుక్కులు కుట్టి, చేతులు సరిపోలేదంటే విప్పి మళ్లీ కుట్టి ఇస్తేగాని ఆ డబ్బు రాదు. నీ ఒక్క సెమిస్టర్ ఫీజుకు అలాంటివి ఎన్ని కుట్టాలో ఎప్పుడైనా అడిగావా?

ఆమె ఇష్టపడే ఇస్తోంది, కాదనను. తల్లి ఇస్తుంది. తీసుకునేవాళ్లకు ఉండాలి అభిమానం. బయట ఆడవాళ్ల కోసం జోలె పట్టే పిల్ల, ఇంట్లో ఆడమనిషి భయపడుతూ దాచిన డబ్బుతో సభ్యత్వం కట్టడం నాకు మింగుడు పడటం లేదు. ఇది దొరికిపోతే మాట పడేది నువ్వు కాదు, ఆవిడే.

అందుకని ముందు క్యాంపస్‌లో పని వెతుక్కో. లైబ్రరీలోనో, కాఫీ షాపులోనో, ఏదైనా సరే. వచ్చే సెమిస్టర్ ఫీజు నీ జీతంలోంచే కట్టు. కుదరకపోతే ఆ సెమిస్టర్ మానుకో. అక్కాచెల్లెళ్లమన్నవాళ్లు ఆగుతారు. ఇదివరకు తీసుకున్నది కూడా కొంచెం కొంచెంగా తిరిగి ఇవ్వు. వద్దంటుంది. అయినా ఇవ్వు. అది ఆమె పేరు మీద, ఆమె ఒక్కదాని బ్యాంకు ఖాతాలో ఉంటే ఇంకా మంచిది. తెరవడానికి నువ్వే తోడు వెళ్లు, ఆమె సరేనంటేనే.

నాన్నతో మాట్లాడటం ఆ తర్వాత, అదీ అమ్మను అడిగి, ఆమె సరేనన్న రోజున. 'నేను చేరాను, ఫీజు నేనే కట్టుకుంటున్నాను' అని నీ సంగతి నువ్వు చెప్పుకో. ఇన్నాళ్లూ ఇచ్చింది ఆమె కష్టార్జితం. అది చెప్పాలో వద్దో ఆమె ఇష్టం. కోపంలో ఆ మాట నీ నోట జారకూడదు.

ఒక్కటి మాత్రం తేల్చుకో. ఆయన ఎప్పుడైనా చెయ్యి చేసుకున్నారా? ఆమె పాస్‌పోర్టు, కాగితాలు తన దగ్గరే బిగపట్టుకున్నారా? అలాంటిదేమైనా ఉంటే పైన చెప్పిన బ్యాంకు ఖాతాతో సహా అన్నీ పక్కన పెట్టు, నాన్నతో నేరుగా గొడవకు దిగకు. న్యూజెర్సీలో 1985లో మొదలైన మానవి, హ్యూస్టన్‌లోని దయ లాంటి సంస్థలు మన ఆడవాళ్ల కోసమే ఉన్నాయి. మీరు విరాళాలు ఇచ్చేది అలాంటివాళ్లకే కాబట్టి ఎవరిని అడగాలో నీకు తెలుసు. ముందు నువ్వు ఒక్కదానివే మాట్లాడి, ఏం చెయ్యాలో వాళ్లనే అడుగు.

అదేమీ లేకపోతే, ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు కరపత్రం చదివి వినిపించకు. మిషను పక్కన కూర్చుని హుక్కులు కుట్టిపెట్టు, మాటలు ఆమెనే మొదలుపెట్టనివ్వు.