స్టిక్ మంచిదే, బోర్డు మంచిదే, మరి బీప్ ఎందుకు?

ప్రశ్న: సార్, మాది పాత డెస్క్‌టాప్, ఇంటెల్ జీ41 చిప్‌సెట్ ఉన్న మదర్‌బోర్డు, డీడీఆర్3 రకం ర్యామ్, రెండు స్లాట్లుంటే ఒకదాంట్లో 2 జీబీ ఉంది. బ్రౌజర్‌లో నాలుగు ట్యాబ్‌లు తెరిస్తే మౌస్ కూడా కదలట్లేదని రెండోదాంట్లో 4 జీబీ ర్యామ్ స్టిక్ కొనుక్కొచ్చి పెట్టా. ఒకటే బీప్‌లు, డిస్‌ప్లే రాదు. షాపతను తన సిస్టమ్‌లో పెట్టి చూపిస్తే శుభ్రంగా పనిచేసింది. నా బోర్డు పోయినట్టేనా?

జవాబు: పోలేదండీ, కంగారు పడకండి. ముందు ఆ స్టిక్ చేతిలోకి తీసుకుని నల్ల చిప్‌లు లెక్కపెట్టండి. ఒకవైపే 8 ఉన్నాయి కదూ? 4 జీబీని 8 చిప్‌లతో చేశారంటే ఒక్కో చిప్ 4 గిగాబిట్లు (8 గిగాబిట్లయితే ఒక జీబీ), అదే రెండు వైపులా కలిపి 16 చిప్‌లతో చేస్తే ఒక్కోటి 2 గిగాబిట్లే, మీ జీ41కి ఆ 2 గిగాబిట్ల వరకే తెలుసు, అంతకంటే పెద్ద చిప్ పెడితే అసలు గుర్తుపట్టదు. షాపతని సిస్టమ్ ఇంకాస్త కొత్తదై ఉంటుంది, అందుకే అక్కడ ఆడింది. కాబట్టి దాన్ని మార్చుకుని 16 చిప్‌లది అడగండి. అక్కడా ఒక మెలిక ఉంది, ఏఎండీ బోర్డుల్లో మాత్రమే పనిచేసే డీడీఆర్3 స్టిక్‌లు కొన్ని అమ్ముతారు, వాటిమీదా 16 చిప్‌లే ఉంటాయి, చూపుకి తేడా తెలీదు. అందుకే ఇంటెల్ బోర్డులో పనిచేస్తుందా, చేయకపోతే వాపసు తీసుకుంటారా అని ముందే అడిగి తీసుకోండి. సర్వర్లలోంచి తీసిన రిజిస్టర్డ్ ర్యామ్ చవగ్గా ఇస్తామన్నా దాని జోలికి పోవద్దు, మామూలు డెస్క్‌టాప్‌లో అది పనిచేయదు.

స్పీడ్ గురించి మాత్రం బుర్ర పాడుచేసుకోకండి, 1600ది పెట్టినా మీ బోర్డు తన స్పీడ్‌కి తగ్గించుకుని నడుపుకుంటుంది. సిస్టమ్ వివరాలు చూపించే సీపీయూ-జెడ్ ప్రోగ్రామ్‌లో 665 అని కనిపిస్తే మోసపోయామనుకోకండి, అందులో సగమే చూపిస్తుంది, అంటే ర్యామ్ 1333లో నడుస్తున్నట్టే.

పెట్టేటప్పుడు కరెంటు ప్లగ్ పీకేసి, పవర్ బటన్ ఒకసారి నొక్కి పట్టుకుని, అప్పుడు పెట్టండి. బంగారు రంగు పళ్లు మాసిపోయుంటే పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, రబ్బరు పొట్టు ఊదేయండి. రెండు చివర్లా క్లిప్‌లు టక్‌మని పడాలి. దిగట్లేదంటే బలం ఉపయోగించొద్దు, డీడీఆర్2కీ డీడీఆర్3కీ పిన్నులు 240యే గానీ మధ్యలో గాటు వేరేచోట ఉంటుంది. నేనొకసారి ఎక్కట్లేదేంటని రెండు బొటనవేళ్లతో నొక్కీ నొక్కీ, చివరికి చూస్తే స్టిక్కే తిరగేసి పట్టుకున్నా. స్లాట్ విరగలేదు, అదృష్టం.

ప్రశ్న: 8 జీబీ పెట్టించాను సార్, అయినా ప్రాపర్టీస్‌లో 3.24 జీబీ యూజబుల్ అంటోంది. మిగతాది ఏమైనట్టు?

జవాబు: మీ విండోస్ 32 బిట్‌ది, దాని లెక్క 4 జీబీతోనే ఆగిపోతుంది, అందులోనూ కొంత గ్రాఫిక్స్‌కీ మిగతా పరికరాలకీ పోతుంది. 64 బిట్ విండోస్ వేయాలి. ఉన్నదానిమీద అప్‌గ్రేడ్ అవ్వదు, కొత్తగా ఇన్‌స్టాల్ చేయాల్సిందే, కాబట్టి ఫొటోలూ ఫైళ్లూ ముందు వేరేచోటికి కాపీ చేసుకోండి. ఇప్పటికే 64 బిట్ అయ్యుంటే విండోస్‌లోనే ఉండే ఎంఎస్‌కాన్ఫిగ్ అనే సెట్టింగ్స్ ప్రోగ్రామ్‌లో బూట్ ట్యాబ్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో మాగ్జిమమ్ మెమరీ అన్నచోట టిక్ ఉందేమో చూసి తీసేయండి, అక్కడ కాకపోతే బయాస్‌లో (విండోస్ మొదలవకముందే తెరిచే బోర్డు సెట్టింగ్స్‌లో) మెమరీ రీమ్యాప్ ఆన్ చేయండి.

ప్రశ్న: 4 జీబీ స్టిక్ పక్కన 8ది పెట్టొచ్చా? జతే కొనాలా?

జవాబు: బోర్డు 8ది తీసుకునేదైతే పెట్టొచ్చు. ఇంటెల్ బోర్డుల్లో చాలావరకు 4కి 4 జతకట్టి డ్యూయల్ చానల్‌లో, అంటే రెండు దారుల్లో ఒకేసారి నడుస్తాయి, మిగిలిన 4 సింగిల్‌గా నడుస్తుంది. జతైతే ఇంకాస్త మేలేగానీ ఉన్న స్టిక్ అవతల పడేసి మరీ కొనక్కర్లేదు. అసలు కొనేముందు సిస్టమ్ నత్తలా పాకుతున్నప్పుడు టాస్క్ మేనేజర్ తెరవండి, మెమరీ సగమే వాడుతూ డిస్క్ మాత్రం 100 శాతం కొట్టుకుంటుంటే మీక్కావాల్సింది ర్యామ్ కాదు, హార్డ్ డిస్క్ బదులు వాడే వేగవంతమైన ఎస్ఎస్‌డీ.