‘బ్యాలడ్ ఆఫ్ ఎ సోల్జర్’ పదిమందికీ చూపించబోతున్న అమ్మలూకి

అమ్మలూ,

హాస్టల్లో ‘బ్యాలడ్ ఆఫ్ ఎ సోల్జర్’ వేస్తున్నారని తెలిసి ఎంత సంతోషం వేసిందో! రష్యన్ భాష, నలుపు తెలుపు, పైగా యుద్ధం సినిమా, సగం మంది మధ్యలో లేచిపోతారేమోనని నీ టెన్షన్. లేవరు. ఫిల్మ్ సొసైటీలో ఏళ్ల తరబడి ఇలాంటి సినిమాలు వేసినవాణ్ణి కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను. నిడివి కూడా గంటన్నర లోపే.

ముందు ఉపన్యాసం పెట్టొద్దు. 1959లో దీన్ని తీసిన గ్రిగొరీ చుఖ్రాయ్ స్వయంగా రెండో ప్రపంచ యుద్ధంలో పోరాడి, గాయపడి వచ్చినవాడని ఒక్క మాట చెప్పు, చాలు. అలాంటివాడు ట్యాంకుల పోరాటాన్ని మొదట్లోనే ముగించేసి, మిగతా కథంతా రైళ్లలో, స్టేషన్లలో నడిపాడంటే ఎందుకో చూసేవాళ్లే ఆలోచిస్తారు.

అందరూ వచ్చి కూర్చున్నాకే మొదలుపెట్టు. మొదటి సీను పోతే సగం సినిమా పోయినట్టే. నల్ల తలగుడ్డ కట్టుకున్న తల్లి ఊరి చివర దారి దాకా నడిచొచ్చి నిలబడుతుంది. ఆమె కొడుకు తిరిగి రాలేదని, ఎక్కడో పరాయి నేలలో సమాధి అయ్యాడని అక్కడే చెప్పేస్తారు. బతుకుతాడా లేదా అన్న సస్పెన్స్ దర్శకుడికి అక్కర్లేదు. ఆ కొడుకు, పంతొమ్మిదేళ్ల అల్యోషా, ఆ తర్వాత నవ్విన ప్రతిసారీ మన గుండె పట్టేస్తుంది.

రెండు ట్యాంకులు పేల్చినందుకు జనరల్ పతకం ఇస్తానంటే, ఇంటి కప్పు కారుతోందని అమ్మ ఉత్తరం రాసింది, ఒకసారి వెళ్లొస్తానంటాడు. ఆరు రోజులు దొరుకుతాయి: పోవడానికి రెండు, కప్పు బాగుచెయ్యడానికి రెండు, తిరిగి రావడానికి రెండు. ఆ రోజులు ఎవరెవరి కోసం ఖర్చవుతాయన్నదే నా దృష్టిలో ఈ సినిమా. ఇది మాత్రం ముందే చెప్పెయ్యకు, వాళ్లనే లెక్క కట్టుకోనీ.

నువ్వు మాత్రం సబ్బు సంగతి జాగ్రత్తగా గమనించు. దారిలో కలిసిన పావ్లోవ్ అనే సైనికుడు తన భార్యకి ఇమ్మని, ప్లాటూన్‌లో ఉన్న రెండు సబ్బు బిళ్లలూ అల్యోషా చేతికి ఇప్పిస్తాడు. తీరా ఆ ఇంటికి వెళితే మెట్ల మీద ఒక పిల్లవాడు సబ్బు బుడగలు ఊదుతుంటాడు. అక్కడ ఒక దళానికంతా రెండు బిళ్లలు, ఇక్కడ బుడగలు! ఆ భార్య ఇంకొకరితో ఉంటోందని అర్థమయ్యాక, ఇచ్చిన సబ్బు వెనక్కి తీసుకెళ్లి పావ్లోవ్ తండ్రిని వెతికి మరీ ఇస్తాడు. ఒక్క ఉపదేశం లేదు, ఎవరూ గొంతు పెంచరు. ఇంత పొదుపుగా కథ చెప్పడం ఎంత కష్టమో సినిమాలు తియ్యాలనుకునేవాళ్లకి తెలియాలి.

సబ్‌టైటిల్స్ తెల్ల రంగులో పెట్టకండి, తెల్లటి ఆకాశంలో కలిసిపోతాయి. పసుపు పెట్టి, చివరి వరసలో కూర్చుని చదివి చూడు. కిటికీలకి దుప్పట్లు కట్టండి. వెలుతురు పడితే బూడిద రంగు ఛాయలన్నీ ఒకేలా కనిపిస్తాయి. ట్యాంకు అల్యోషాని తరిమేటప్పుడు తెర మీద బొమ్మ తలకిందులవుతుంది. మెషీన్ దగ్గర కూర్చునే కుర్రాడికి ముందే చెప్పు, లేకపోతే ప్రొజెక్టర్ పాడైందని ఆపేస్తాడు.

చర్చలో ఎవరో ఒకరు ‘ఇది సోవియట్ ప్రచారం కదా’ అంటారు. అననీ, కోపం తెచ్చుకోకు. డబ్బా మాంసం లంచం పుచ్చుకునే రైలు కాపలావాడు, కాలు పోయి భార్య దగ్గరికి వెళ్లడానికి భయపడే సైనికుడు, ఎదురుచూడని భార్య, వీళ్లందరినీ ప్రచారం కోసమే పెట్టారా అని అడుగు. ఆ భార్య మీద మాత్రం మనవాళ్లు తీర్పులు చెప్పడానికి ఎగబడతారు. అప్పుడు అల్యోషాతో రైలెక్కిన అమ్మాయి షూరా వైపు మాట మళ్లించు. అల్యోషాగా వేసిన ఇవషోవ్, షూరాగా వేసిన ప్రొఖొరెంకో అప్పటికి నటన నేర్చుకుంటున్న విద్యార్థులే, ఇంచుమించు మీ ఈడువాళ్లు. అది వింటే మీవాళ్లు ఉత్సాహంగా మాట్లాడతారు.

నచ్చితే వచ్చే నెల కలతొజోవ్ తీసిన ‘ది క్రేన్స్ ఆర్ ఫ్లయింగ్’ వెయ్యండి. 1958లో కాన్ చిత్రోత్సవంలో పెద్ద బహుమతి దానికే వచ్చింది. రెండూ ఒకే రాత్రి మాత్రం వద్దు, మొదటిదాని గురించి మాట్లాడుకోవడానికి టైమ్ ఉండదు.

మీ పెదనాన్న